రెండో గంట

మా పుట్టింట్లో పోపుగారు ఎప్పుడూ లేరు. లేరని మేమెవరం బాధపడిందీ లేదు. గుడివాడ దగ్గర పల్లెలో ప్రొటెస్టెంటు కుటుంబం మాది. ఆదివారం గుడికి వెళ్ళడం, పాస్టరుగారి ప్రసంగం సాగితే మా నాన్న కునుకు తీయడం, ఇంటికొచ్చి కోడికూర వండుకోవడం, అంతవరకే మా మతం. పోపుగారు లేరని కుమిలిపోయే ఇల్లు కూడా ఒకటుంటుందని పెళ్ళయి బందరు వచ్చాక గాని నాకు తెలియలేదు.

టీవీలో రోజూ కనిపిస్తుంటే లేకపోవడమేమిటని కొత్తలో నవ్వాను. మా ఆయన కంగారుగా గుమ్మంవైపు చూసి, "నాన్న ముందు అనకు" అన్నారు. మా ఆయన చిన్నప్పటినుంచీ ఆ ఒక్క మాట మీదే బతికారని తరవాత అర్థమైంది. నాకంత ఓర్పు లేదు. కోపం వస్తే దాచుకోవడం చేతకాదు. అయినా ఆ ఇంట్లో చాలా ఏళ్ళు దాచుకున్నాను, మా అత్తయ్య మొహం చూసి.

మావయ్యది చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో పనివాళ్ళ చేత గాజులు, గొలుసులు చేయించి, పూత వేయించి షాపులకిచ్చేవారు. వాళ్ళు తరాలుగా కేథలిక్కులు. ఆయన తాతగారు తెల్ల ఫాదర్ల దగ్గర వంట చేసేవారట. ఆ రోజుల్లో గుడిలో పూజంతా లాటిన్‌లో ఉండేది. ఫాదరుగారు జనానికి వీపు పెట్టి, పీఠంవైపు తిరిగి, గుసగుసగా చెబుతుంటే పక్కన మోకరించిన కుర్రాడు జవాబులు చెప్పి గంట కొట్టేవాడు. ఆ కుర్రాడు మా మావయ్య. ఆయనకి అర్థం తెలియదు, తాతగారు వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ వల్లె వేయించిన శబ్దాలు తెలుసు. డెబ్భై దగ్గరపడ్డాక కూడా ఒక్క అక్షరం తడబడకుండా చెప్పేవారు.

ఆయనకి మీసాలు రాకముందే ఆ పూజ పోయింది. తెలుగు వచ్చింది. ఫాదరుగారు జనంవైపు తిరిగారు. కొన్నాళ్ళకి కీబోర్డు, ఆ వెనకే రిథమ్ ప్యాడ్లు వచ్చాయి. దేవుడితో ఇన్నాళ్ళకి మన భాషలో మాట్లాడుతున్నామని ఊరంతా సంతోషించింది. ఆయన మాత్రం మింగలేక కక్కలేక దశాబ్దాల పాటు అదే గుడికి వెళ్ళొచ్చారు. ఎవరో దొంగిలించి దాచేసిన వస్తువు కోసం వెతుకుతున్న మనిషిలా ఉండేవారని అత్తయ్య అనేది.

ఆ వస్తువు ఆయనకి ఫోనులో దొరికింది. మా ఆయన సరదాపడి కొనిచ్చిన స్మార్ట్‌ఫోనులో. యూట్యూబులో పాత లాటిన్ పూజలు వెతుక్కుంటూ వెళ్ళి వెళ్ళి, పాత నల్ల అంగీ వేసుకున్న ఒక విదేశీ ఫాదరు దగ్గర ఆగారు. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి, పామర్రు స్కూల్లో ఇంగ్లీషు చెప్పుకునే కోడలు పనికొచ్చింది. సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పనివ్వకుండానే, "అమ్మా, ఇదొక్కటీ వినిపెట్టు" అని ఫోను పట్టుకుని ఎదురొచ్చేవారు.

వాళ్ళ వాదన నాకు అర్థమైనంతలో ఇది. చాలా ఏళ్ళ క్రితం రోములో పెద్దలంతా సభ పెట్టి పాత బోధని మార్చారు. బోధ మార్చినవాడు కేథలిక్కే కాడు. కేథలిక్కు కానివాడు పోపు కాలేడు. కాబట్టి అప్పటినుంచీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ పోపులు కారు, కుర్చీ ఖాళీగానే ఉంది. ఇక్కడితో ఆగితే బాగుండును. బిషప్పులుగా, ఫాదర్లుగా చేసేటప్పుడు తల మీద చేతులుంచి అభిషేకించే పద్ధతిని కూడా వాళ్ళు మార్చారు కాబట్టి, కొత్త పద్ధతిలో అయినవాళ్ళు బిషప్పులూ కారు, ఫాదర్లూ కారు. వాళ్ళు చేసేది పూజ కాదు. వాళ్ళిచ్చే సత్ప్రసాదం ప్రభువు శరీరం కాదు, వట్టి గోధుమ అప్పం.

ఈ వాదన పూర్తిగా విన్న మర్నాడే హాల్లో ఉన్న పోపుగారి ఫొటో ఆయన దించేశారు. మేకు మాత్రం ఉంచారు. ఫొటో ఉన్నంతమేర గోడ మీద సున్నం కొత్తగా, తెల్లగా మిగిలిపోయింది. అక్కడ ఇంకేదైనా పెడదామంటే వద్దన్నారు. "ఖాళీ అని తెలియాలిగా" అన్నారు.

షెడ్డులో పనివాళ్ళు, పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? రోల్డ్‌గోల్డ్ చేసే మనిషికి ఇరవైనాలుగు క్యారెట్ల పోపు కావాలటరా అని చెప్పుకుని నవ్వుకున్నారు. ఒకసారి ఆయన చెవినే పడింది. కోప్పడతారనుకున్నాను. అన్న పక్కింటాయనతోనే నెమ్మదిగా, "నేను రోల్డ్‌గోల్డుని రోల్డ్‌గోల్డనే చెప్పి అమ్ముతాను బావా" అన్నారు. ఆ మాటకి మాత్రం నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఈ రోజుకీ పోలేదు, అదే నా బాధ.

గుడికి వెళ్ళడం మానేశాం. మద్రాసు వైపు నుంచి ఈ బాపతు ఫాదరుగారొకరు ఏడాదికోసారి వచ్చి, విజయవాడలో ఎవరి మేడ మీదో పాత పూజ చెప్పేవారు. చుట్టుపక్కల జిల్లాలన్నిటినుంచీ కలిపి మేము ఒక ఆటోకి సరిపడా జనం. ఆయన నాకు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు. పూర్వం ఇచ్చింది చెల్లకపోతేనే ఇది చెల్లుతుందని ఒక షరతు చెప్పి మరీ ఇచ్చారు. మా ఊరి కాలువలో నన్ను నిండా ముంచిన రోజు ఒడ్డున నిలబడి ఉన్న మా నాన్న ఈ సంగతి విని, "మేం ముంచాం, వాళ్ళు జాడించారు, ఇంకెవరన్నా పిండుతారేమో చూడు" అన్నాడు.

ఆ మద్రాసు ఫాదరుగారు కూడా ఎంతోకాలం నిలవలేదు. ఆయనకి చేతులుంచిన బిషప్పుకి చేతులుంచిన ఇంకో బిషప్పు విషయంలో ఏదో అనుమానం వచ్చింది. దాని మీద వీడియోలు వచ్చాయి. మావయ్య వారాల తరబడి నా చేత చదివించుకుని, చివరికి, "ఆయన కూడా కాదమ్మా" అన్నారు. అలా అన్నప్పుడు ఆయన గొంతులో గెలిచిన ధోరణి లేదు. ఉన్న ఒక్కటీ పోయిన మనిషి గొంతు అది. అప్పటినుంచీ ఆదివారం పూజ ఇంట్లోనే. పూజ అంటే పూజ కాదు, పాత పుస్తకం తెరిచి ఆయన లాటిన్‌లో చదివేవారు, అత్తయ్య నెత్తి మీద కొంగు కప్పుకుని జవాబులు చెప్పేది. ఫాదరు లేడు కాబట్టి సత్ప్రసాదం లేదు. అయినా ముందురోజు రాత్రినుంచి ఇద్దరూ ఉపవాసం ఉండేవారు. సత్ప్రసాదం పుచ్చుకునేవాళ్ళు అంతవరకూ మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్నది పాతకాలపు నియమం. ఇచ్చేవాడే లేనప్పుడు ఎందుకీ ఉపవాసమని అత్తయ్యని అడిగాను.

"ఏమో తల్లీ, ఎవరన్నా వస్తారేమో. వచ్చేటప్పటికి మనం నీళ్ళు తాగేసి ఉంటే?" అంది.

అత్తయ్యది దివిసీమ. హంసలదీవి దగ్గర బెస్తపల్లె. ఉప్పెన వచ్చిన ఏడు ఇంకా పెళ్ళి కాని పిల్ల. తుమ్మచెట్టు పట్టుకుని తనూ, ఆ రాత్రి వేరే ఊళ్ళో ఉండి తమ్ముళ్ళూ బతికారు, అమ్మా చెల్లెలూ పోయారు. వాళ్ళని అందరితోపాటు గోతిలో పెట్టారట. ఫాదరు లేడు, ప్రార్థన లేదు, ఎవరి శవమేదో కూడా తెలియలేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఒకటే అనేది. "నాకేం అక్కర్లేదమ్మా. పోయేటప్పుడు నుదుటి మీద నూనె, నాలిక మీద సత్ప్రసాదం. మా అమ్మకి లేకపోయింది. నాకుంటే చాలు." ఆవిడకి పోపుగారు ఉన్నారా లేరా అన్న గొడవ ఎప్పుడూ పట్టలేదు. మొగుడి మాట కాదనడం తెలియక వెంట నడిచింది, అంతే.

అలాంటి మనిషికి కడుపులో కాన్సరన్నారు. విజయవాడలో కోసి చూసి, మళ్ళీ కుట్టేసి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంటికొచ్చిన వారానికే ఆవిడకీ తెలిసిపోయింది. మావయ్య షెడ్డులో ఉండగా నన్ను మంచం దగ్గరికి పిలిచి, "సత్ప్రసాదం కావాలే" అంది. పిల్లలు బిళ్ళల కోసం అడిగినట్టు, అంత చిన్న గొంతుతో.

ఇందులో ఏముంది, నాలుగు వీధుల అవతల గుడి ఉంది, ఫాదరుగారు మంచివాడు, స్కూటరు మీద వచ్చేస్తాడు, పిలుస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మావయ్య ఒప్పుకోరని కాబోలు అనుకున్నాను. కాదు.

"నిజమైంది కాకపోతే?" అంది. "ఇన్నేళ్ళు విన్నానుగా. ఆయన చెప్పిందే నిజమైతే అది వట్టి అప్పమేగా. వట్టి అప్పం మింగి, ప్రభువనుకుని పోతే మా అమ్మకీ నాకూ తేడా ఏముంది?"

నాకు అప్పుడు మావయ్య మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆయన నమ్మకం ఆయనది, ఎవరి గుడి వాళ్ళది. ఈవిడ గుండెల్లో ఈ అనుమానం నాటడానికి ఆయనకేం హక్కుంది? నమ్మకం ఇవ్వలేకపోయాడు సరే, ఉన్నది తీసేసుకున్నాడు. ఆ రాత్రి మా ఆయనతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. "నాన్న ముందు అనకు" అని ఆయన నోరు తెరవబోతే, "అనకపోతే మీ అమ్మ చచ్చిపోతుంది" అన్నాను. ఎలాగూ చచ్చిపోతుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాటతో ఆయన లేచారు.

ఎక్కడెక్కడో ఫోన్లు చేసి ఒక దారి కనుక్కున్నారు. గుడివాడలో ముసలి ఫాదర్లుండే ఒక ఇంట్లో ఎనభై అయిదు దాటిన ఫాదరుగారొకరున్నారు. ఆయనకి చేతులుంచింది ఆ మార్పులు రాకముందు, పాత పద్ధతిలోనే. పాత పూజ ఆయన కంఠస్థం. మావయ్య నమ్మలేదు. ఎవరు చేతులుంచారు, ఎప్పుడు, ఎక్కడ అని కొడుకుని వకీలులా ప్రశ్నలడిగారు. అన్నిటికీ జవాబు దొరికాక చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "అయితే ఆయన నిజమైన ఫాదరే" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తయ్యకి చెప్పడానికి ఆయనే పరిగెత్తారు.

ఆ వారం మా ఇల్లు పెళ్ళివారిల్లయింది. మావయ్య హాల్లో పీఠం కట్టారు. తాతగారి కాలంనాటి ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు చింతపండు పెట్టి స్వయంగా తోమారు. చిన్ననాటి చేతిగంట బీరువాలోంచి తీసి, షెడ్డులో మెరుగు పెట్టించారు. అత్తయ్య మంచం హాల్లోకి మార్చాం. ఆవిడ తనకి తెల్లచీర కట్టమంది. మగత మధ్యలోనే నాకు పాఠం చెప్పింది, మా ప్రొటెస్టెంటు బుర్రకి తెలియదని. "మొదటి గంట కొట్టాక ఎవరూ మాట్లాడకూడదు. ఆ తరవాత ఫాదరుగారు లోపల్లోపల చెప్పుకుంటారు. రెండో గంట కొట్టినప్పుడు అప్పం పైకెత్తుతారు. అప్పుడది ప్రభువు. నేను నిద్రపోతుంటే రెండో గంటకి లేపు."

ముందురోజు రాత్రి భోజనాల వేళనుంచి ఆవిడ నీళ్ళు మానేసింది. రోగులకి ఆ నియమం లేదని మావయ్యే చెప్పారు. వినలేదు. పెదాలు ఎండి తోలు లేస్తుంటే తడిగుడ్డతో తుడవబోయాను. చుక్క లోపలికి వెళ్తుందేమోనని మొహం తిప్పేసుకుంది.

ఫాదరుగారిని మా ఆయన కారులో తీసుకొచ్చారు. సన్నగా, ఎండిన తాటాకులా ఉన్నారు. చెవులు దాదాపు పోయాయి. అందరినీ నవ్వుతూ పలకరించారు, ఎవరి జవాబూ వినపడలేదు. ముందు పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఫాదరుగారికి చెప్పుకోవడం. మేమంతా పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాం. అత్తయ్యకి గొంతు లేదు, ఆయనకి చెవులు లేవు. ఆయన ఏం విన్నారో నాకు తెలియదు, కానీ ఆవిడ మొహం మాత్రం తేటపడింది. ఆవిడ పాపాలేమిటో నాకూ అంతుబట్టలేదు.

తరవాత పూజ మొదలైంది. మావయ్య ఫాదరుగారి వెనక నేల మీద మోకరించారు. మోకాళ్ళ నొప్పులతో కుర్చీ లేకుండా కూర్చోలేని మనిషి. ఫాదరుగారు ఒక వాక్యం అంటే ఈయన ఒకటి అనడం, మళ్ళీ ఆయన, మళ్ళీ ఈయన. అర్థం కాకపోయినా నా ఒళ్ళు జలదరించింది. తన జీవితంలో పోయిన వస్తువు మావయ్యకి దొరికింది. ఆయన వీపు చూస్తేనే తెలుస్తోంది. మొదటి గంట కొట్టారు. అత్తయ్య కళ్ళు తెరిచి, నావైపు చూసి, మళ్ళీ మూసుకుంది.

ఆ తరవాతి భాగం ఫాదరుగారు లోపల్లోపల చెప్పుకోవాలి. ఎవరికీ వినపడకూడదు. కానీ చెవులు వినపడని మనిషి గుసగుస గదంతా వినిపిస్తుంది. అది ఆయనకి తెలియదు. ఆ ప్రార్థన మొదట్లోనే ఒకచోట, మా పోపు ఫలానాతో కూడి ఈ బలి అర్పిస్తున్నామని పోపుగారి పేరు చెప్పాలి. అరవై ఏళ్ళుగా రోజూ చెప్పుకుంటున్న మనిషి, పేర్లు మారినప్పుడల్లా మార్చుకుంటూ వచ్చిన మనిషి, ఇప్పుడున్న ఆయన పేరు చెప్పారు. మాకందరికీ వినిపించింది. వీధిలో పోయేవాళ్ళకి కూడా వినిపించే ఉంటుంది.

మావయ్య భుజాలు బిగుసుకుపోయాయి. గంట నేల మీద పెట్టి, మంచంకోడు పట్టుకుని లేచారు. "ఫాదరుగారూ, ఆపండి" అన్నారు. ఫాదరుగారికి వినపడక ముందుకెళ్తున్నారు. మావయ్య పీఠం దగ్గరికి వెళ్ళి, ఆయన ముందున్న పుస్తకం మీద అరచెయ్యి పెట్టారు. అప్పుడు ఆ ముసలాయన ఆగి, ఆ చేతివైపూ మొహంవైపూ చూశారు.

"ఆ పేరు లేకుండా చెప్పండి. మొదటినుంచీ చెప్పండి" అని మావయ్య ఆయన చెవిలో అరిచారు. ఆజ్ఞాపించడం కాదు, బతిమాలడమే అది. నేను చూశాను.

ఫాదరుగారికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. "నేను నా సొంతంగా చెప్పే పూజ కాదయ్యా ఇది. ఆయన పేరు తీసేస్తే నేనెవర్ని? ఊరికే ఒక ముసలాణ్ణి" అన్నారు. కోపం లేదు. సంచిలోంచి నూనె సీసా తీసి, "పోనీ పూజ వద్దు. అమ్మకి నూనైనా రాయనీ" అన్నారు.

"ఆ నూనె ఎవరు మంత్రించారు?"

"మన బిషప్పుగారే."

"ఆయన బిషప్పు కాదండి."

మా ఆయన "నాన్నా" అన్నారు, జీవితంలో మొదటిసారి కొంచెం గట్టిగా. మావయ్య వినలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, మా ఇంట్లో పూజారి కూడా ఇస్తానన్నాడు. ఫాదరుగారు వేసుకున్న వస్త్రాలు ఒక్కొక్కటీ విప్పి, ముద్దుపెట్టుకుని, మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు. వెళ్తూ మంచం దగ్గర ఆగి, ఏమీ చెప్పకుండా అత్తయ్య పాదాలు ముట్టుకున్నారు. తండ్రీకొడుకులిద్దరూ ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని కారు దాకా నడిపించారు. మర్యాదకేం లోటు రానివ్వలేదు మావయ్య.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అత్తయ్య కళ్ళు మూసుకునే ఉంది. ఏం జరిగిందో తెలియనట్టుంది. నోరు కొద్దిగా తెరిచి, నాలిక అంచు ముందుకు పెట్టి ఎదురుచూస్తోంది.

కాసేపటికి, "రెండో గంట కొట్టలేదేం?" అంది.

ఆవిడ కళ్ళు తెరిచి పీఠంవైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. కొవ్వొత్తులు మాత్రం వెలుగుతున్నాయి. వాటివంక చాలాసేపు చూసి, "నీళ్ళియ్యమ్మా" అంది. ఇచ్చాను. రెండు గుక్కలు తాగింది. దాహం వేసిందేమోననే అనుకున్నాను.

ఆ తరవాత ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. గుడి ఫాదరుగారిని పిలుస్తాను, ఎవరేమన్నా నేను చూసుకుంటానని చెవిలో చెప్పినా, వద్దని చెయ్యి ఊపింది. కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం, నేను స్కూలునుంచి వచ్చే లోపలే పోయింది. నూనె లేదు, సత్ప్రసాదం లేదు.

హంసలదీవినుంచి తమ్ముళ్ళు వచ్చి మావయ్యతో తగువుకి దిగారు. మా అక్కని దిక్కులేనిదాన్ని చేశావు బావా, మా ఊరు తీసుకెళ్ళి మా ఫాదరుతో మట్టి చేయించుకుంటాం అన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. సమాధుల దగ్గర ఆయనే నిలబడి లాటిన్ ప్రార్థనలు చదివారు. జవాబు చెప్పాల్సిన ప్రతిచోటా అలవాటుగా ఆగారు. చెప్పే మనిషి పెట్టెలో ఉంది. అత్తయ్య తమ్ముళ్ళు ప్రహరీ అవతల నిలబడి తెలుగులో పాట పాడారు. నేను పెట్టె దగ్గరే నిలబడ్డాను. నాకు ఆ జవాబులు రావు, ఆ పాటా రాదు.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మావయ్య ఫోను తెచ్చి, ఆ విదేశీ ఫాదరుగారికి ఒక సందేశం రాసిపెట్టమన్నారు. ఆయన తెలుగులో చెప్పారు, నేను ఇంగ్లీషులో రాశాను. భార్య చావుబతుకుల్లో ఉండగా పాతకాలపు ఫాదరు వచ్చారనీ, పూజలో ఆ పేరు చెప్పారనీ, తను ఆపించాననీ, ఆమె ఏమీ పుచ్చుకోకుండానే పోయిందనీ. చివర్లో, "నేను చేసింది సరైనదేనా అని అడుగమ్మా" అన్నారు. సరైనదేనని వాళ్ళంటారనే ఆయన ధీమా. నాకూ అదే అనుమానం. వాళ్ళని మించిన పట్టుదల ఇంకెవరికుంటుంది?

జవాబు వారం దాటాక వచ్చింది. మర్యాదగా, చల్లగా ఉంది. మామూలు ఆదివారాల్లో అలాంటి పూజకి దూరంగా ఉండటమే సరైనదన్నారు. అయితే ప్రాణం పోయే స్థితిలో ఉన్నవాళ్ళ విషయం వేరు, పాత పద్ధతిలో నిజంగా ఫాదరైన మనిషి ఎవరైనా సరే, అతను ఎంత దారి తప్పినవాడైనా సరే, అతని చేతినుంచి పుచ్చుకోవచ్చని తల్లి శ్రీసభ, అంటే కేథలిక్కు సంఘం, ఎప్పటినుంచో అనుమతి ఇచ్చిందన్నారు. ఆమెని పుచ్చుకోనివ్వాల్సింది. ఆమె ఆత్మ కోసం ప్రార్థిస్తాం.

"ఏమన్నారమ్మా?" అన్నారు మావయ్య, ఎదురుగా కూర్చుని.

ఆయనకి ఆ ఇంగ్లీషు చదవడం రాదు. నేను ఏం చెబితే అదే. మీరు చేసింది సరైనదేనన్నారని చెప్పేస్తే ఆ ముసలి ప్రాణం నిశ్చింతగా నిద్రపోయేది. నాకు దయ లేక కాదు. ఆ తెరిచిన నోరు గుర్తొచ్చింది. ఉన్నదున్నట్టు, ఒక్క మాట మింగకుండా తెలుగులో చెప్పాను.

మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ఆయన గోడ మీద మేకువైపు చూస్తూ ఉండిపోయారు. చీకటి పడింది. లైటు వేయబోతే వద్దన్నారు.

"ఆ రోజు నేను ఫాదరుగారిని దింపడానికి బయటికెళ్ళాను కదమ్మా. అప్పుడావిడ ఏమన్నా అందా?"

"రెండో గంట కొట్టలేదేమని అడిగారు."

"తరవాత?"

"నీళ్ళు అడిగారు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను మావయ్యా."

"తాగిందా?"

తాగారన్నాను. ఆయన రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నారు. ఎవరన్నా వస్తారేమోనని ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం నీళ్ళు ముట్టకుండా కూర్చున్న మనిషి నీళ్ళు అడిగిందంటే ఏమిటో అప్పుడు నాకూ తెలిసింది. అది దాహం కాదు. ఇక ఎవరూ రారని ఆవిడ ఒప్పేసుకుంది.

మావయ్య ఇప్పటికీ ఆదివారం పుస్తకం తెరుస్తారు. నమ్మకం మార్చుకోలేదు, గుడికి వెళ్ళలేదు, గోడ మీద ఆ తెల్లటి మేర అలాగే ఉంది. జవాబులొచ్చే చోట ఆగి, కాసేపు చూసి, తరవాతి వాక్యంలోకి వెళ్తారు. ఒక్కటే తేడా. పుస్తకం తెరిచే ముందు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడతారు.

"నీళ్ళియ్యమ్మా" అంటారు.

గ్లాసు నిండా ఇస్తాను. నా ఎదుటే మొత్తం తాగేసి, అప్పుడు వెళ్ళి మోకరిస్తారు.